మీ అమ్మ చూసిన వంశధార

విజయనగరం

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మడికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం క్షేమం. మొన్న ఫోనులో "శ్రీకాకుళం ఎలా ఉంది నాన్నా?" అని నువ్వడిగితే "బాగుంది" అని ఊరుకున్నాను. అమ్మ పక్కనే ఉంది. ఆమె వినకుండా నీకు చెప్పాల్సింది ఉంది కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

పెళ్లయిన కొత్తలో, వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నం తీసుకువెళ్తానని ఆమెకు మాటిచ్చాను. ఒక ఏడు పరీక్ష పేపర్లు దిద్దే పని అడ్డొచ్చింది, ఒక ఏడు నీ పురుడు, మరో ఏడు మీ తాతయ్య మంచాన పడ్డారు. ఆ తర్వాత ఆమె అడగలేదు. అడగడం లేదు కనుక మరిచిపోయిందనుకున్నాను. మొన్న బుధవారం బయలుదేరేసరికి ఆ మాటకు 32 ఏళ్లు.

పొద్దున్నే రైలెక్కాం. పొందూరు రాగానే అమ్మ కిటికీ వైపు జరిగింది. అక్కడ దూదిని వాలుగ చేప దవడతో దువ్వి శుభ్రం చేస్తారని, అందుకే ఆ ఖద్దరు అంత సన్నగా వస్తుందని ఎదురు సీటులోని పిల్లకు చెప్పింది. ఆమదాలవలసలో దిగి, సాయంత్రం దాకా ఒక ఆటో మాట్లాడుకున్నాం.

అరసవల్లిలో రథసప్తమి రద్దీ తగ్గింది, పైగా ఆదివారం కాదు, దర్శనం తీరికగా అయింది. మార్చిలో, అక్టోబరులో కొద్ది రోజులు ఉదయపు ఎండ నేరుగా గర్భగుడిలోకి వచ్చి స్వామి పాదాలను తాకుతుంది. సూర్యుడు ఉత్తరానికి వెళ్తూ ఒకసారి, దక్షిణానికి వస్తూ ఒకసారి దాదాపు ఒకే దిక్కున ఉదయిస్తాడు కదా, ఆ లెక్క తెలిసి కట్టిన గుడి అది. నేనిదంతా చెబుతుంటే అమ్మ కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకుంటోంది.

శ్రీకూర్మంలోనూ అంతే. పడమటి ముఖంగా ఉన్న స్వామిని, రెండు ధ్వజస్తంభాలను చూపించాను. ఆమె మనసు మాత్రం గుడిలోని నక్షత్ర తాబేళ్ల మీదే ఉంది. ఒక ముసలి తాబేలు తోటకూర కాడను ఒక కొసన పట్టుకుంది. మెడ చాచి కొరుకుతుంది, కాడ జారిపోతుంది, మళ్లీ వెతుక్కుంటుంది. అది కాడ మొత్తం తినేదాకా అమ్మ అక్కడి నుంచి కదలలేదు. నేను రెండుసార్లు గడియారం చూసుకున్నాను. మూడోసారి చూడలేదు.

శాలిహుండం కొండ ఎక్కేటప్పుడు ఆమె మోకాళ్ల గురించి భయపడ్డాను. అటూ ఇటూ చూడకుండా నా చెయ్యి పట్టుకుని ఎక్కింది. పైన ఇటుకలతో గుండ్రంగా పేర్చిన బౌద్ధ స్తూపాల అడుగుభాగాలున్నాయి. 1919లో ఈ చోటును వెలుగులోకి తెచ్చింది మన గిడుగు రామమూర్తి పంతులుగారే. తెలుగు మాస్టారిగా ఆయన గురించి ఎన్ని పాఠాలు చెప్పానో! వ్యావహారిక భాష కోసం, సవర గిరిజనుల కోసం ఆయన పడిన పాటు పిల్లలకు చెప్పినన్నాళ్లూ ఈ కొండ ఎక్కకపోవడం తప్పే. ఆయన 1863లో పుట్టిన పర్వతాలపేట కూడా ఈ వంశధార తీరంలోదే. కొండ మీద నుంచి ఆ నది, ఇసుక తిన్నెలు, దూరంగా సముద్రం కనబడతాయి. "అక్కడికేనా మనం వెళ్లేది?" అని అడిగింది అమ్మ.

కళింగపట్నం చేరేసరికి ఎండ వాలింది. ఒకప్పుడు ఓడలు ఆగిన రేవు. ఇప్పుడు లైట్‌హౌసు, పడవలు, వలలు సర్దుకునే మనుషులు. ఇసుకలో మెల్లగా నడిచి నది మొగ దగ్గరకు వెళ్లాం. పైనుంచి నీళ్లు నిదానంగా వస్తాయి, కెరటం ఎదురొచ్చి వెనక్కి తోస్తుంది, తోసిన చోట సన్నని నురుగు గీత ఏర్పడి చెదిరిపోతుంది. అక్కడ లోతూ లాగుడూ తెలియవు, దిగవద్దన్నాను. దిగలేదు. అంచున కూర్చుని, నీళ్లలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది.

"ఇక్కడ ఇంకా పూర్తిగా ఉప్పు కాలేదండీ" అంది.

లేచి నాలుగు అడుగులు వేసి మళ్లీ వేలు ముంచింది. మళ్లీ నాలుగు అడుగులు. అలా ఎంత దూరం వెళ్లిందో! చివరికి ఒకచోట ఆగి, నా వైపు తిరిగి, "ఇదిగో, ఇది సముద్రం" అని గట్టిగా చెప్పింది. అమ్మడూ, నువ్వు మొదటిసారి సైకిలు తొక్కిన రోజున నీ ముఖం ఎలా ఉందో, ఆమె ముఖం అలా ఉంది. ఆ ముఖాన్ని ఇన్నేళ్లు నేను చూడలేదు. చూసే అవకాశం నా చేతిలోనే ఉండి కూడా చూడలేదు.

చీకటి పడ్డాక నాగావళి వంతెన దాటి బస్సులో తిరిగొచ్చాం. దారంతా నా భుజం మీద నిద్రపోయింది.

నీకు చెప్పాలన్న సంగతి ఇది. నిన్న బీరువాలో నా కండువా వెతుకుతుంటే, ఆమె చీరల మధ్య చిన్న కాగితం పొట్లం దొరికింది. విప్పితే ఇసుక. రెండు బుల్లి గవ్వలు. ఎప్పుడు కొంగున కట్టుకుందో నేను చూడలేదు. మళ్లీ ఎలా ఉన్నది అలా మడిచి పెట్టేశాను. నాకు తెలిసినట్టు ఆమెకు చెప్పకు.

ఉగాది వెళ్లాక శ్రీముఖలింగం వెళ్తున్నాం. అదీ వంశధార ఒడ్డే. రోజు కూడా అనుకున్నాం, ఈసారి కేలెండరులో ఆమె చేతే గుర్తు పెట్టించాను.

అల్లుడుగారికి నా దీవెనలు.

మీ నాన్న