గోథే ఆత్మకథ పేరు గురించి నాన్నగారికి

లైప్‌జిగ్
మార్చి నెలాఖరు

నాన్నగారికి నమస్కారాలు.

ఇక్కడ అందరం కులాసా. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందని చెల్లి చెప్పింది గానీ అమ్మ గొంతు వింటే నాకు నమ్మకం కుదరలేదు. ఆ సంగతి చివర్లో రాస్తాను. ముందు మీరు అడిగినదానికి జవాబు. ఫోన్లో అయితే మీరు మధ్యలో అడ్డుప్రశ్నలు వేస్తారు, నేను దారి తప్పుతాను. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

జర్మన్ కవి గోథే మీద వ్యాసం రాస్తూ ఆయన ఆత్మకథ పేరు దగ్గర ఆగిపోయానన్నారు. మీ దగ్గరున్న రెండు ఇంగ్లీషు ప్రతుల్లో ఒకటి ‘పొయెట్రీ అండ్ ట్రూత్’ అంటుంటే ఇంకోటి ‘ట్రూత్ అండ్ ఫిక్షన్’ అంటోందట. ఒకరికి కవిత్వంగా కనబడింది ఇంకొకరికి కట్టుకథ ఎలా అయిందని మీ విసుగు. తప్పు ఆ అనువాదకులది కాదండీ, ఇంగ్లీషుది. అక్కడ ఆ మాటకు సరిపడే మాట లేదు.

మూలంలో పేరు ‘డిష్టుంగ్ ఉంట్ వార్‌హైట్’. మొదటి భాగం 1811లో వచ్చింది. వార్‌హైట్ అంటే సత్యం, దానితో పేచీ లేదు. (మీ రెండో ప్రతిలో సత్యం ముందుకు రావడం కూడా వింత కాదు. జర్మనీలోనే పాత ముద్రణలు కొన్ని ‘వార్‌హైట్ ఉంట్ డిష్టుంగ్’ అని తిరగేసి వేశాయి.) గొడవంతా డిష్టుంగ్‌తోనే.

నా ఉద్యోగంలో ఈ మాట దాదాపు రోజూ తగులుతుంది, కాకపోతే ఇంకో అర్థంలో. నేను అనువదించే పంపుల మాన్యువళ్లలో డిష్టుంగ్ అంటే గ్యాస్కెట్. మన మోటారులో నీళ్లు కారకుండా బిగించే రబ్బరు వాషరు లాంటిది. ‘పాత డిష్టుంగ్ తీసేసి కొత్తది బిగించండి’ అని చదివినప్పుడల్లా, సాహిత్య చరిత్రలో ప్రతి ఉద్యమమూ చెప్పింది ఇదే కదా అని నవ్వొస్తుంది.

నిజానికి ఇవి రెండు వేర్వేరు మాటలు. గ్యాస్కెట్ ‘డిష్ట్’ నుంచి వచ్చింది, అంటే దట్టమైనది, సందు లేనిది. సాహిత్యం డిష్టుంగ్ లాటిన్ ‘డిక్తారే’ నుంచి వచ్చింది. ఆ లాటిన్ మాటకు అర్థం నోటితో చెబుతూ రాయించడం. వ్యాసుడు చెబుతుంటే వినాయకుడు రాసుకున్నాడే, ఆ పని. అమెరికన్ కవి ఎజ్రా పౌండ్ 1934లో అచ్చయిన తన పుస్తకంలో, జర్మన్‌లో కవిత్వం రాయడమంటే చిక్కబరచడమే అన్నట్టు రాశాడు. చమత్కారంగా ఉంది, కవులకు సలహాగా మంచిదే. వ్యుత్పత్తి మాత్రం అది కాదు. మీ వ్యాసంలోకి రానివ్వకండి.

ఇక అసలు చిక్కు. డిష్టుంగ్‌లో పద్యం ఉంటుంది, నాటకం ఉంటుంది, నవల కూడా ఉంటుంది. పద్యం ఒక్క ముక్క రాయకపోయినా గొప్ప నవలాకారుణ్ణి జర్మన్లు ‘డిష్టర్’ అని గౌరవంగా అంటారు. కేవలం కవిత్వం అనాలంటే వాళ్లు వాడే మాట ‘ల్యూరిక్’. పుస్తకాల షాపులో అరల మీద రాసి ఉండేది అదే. గ్రీకు మాట నుంచి వచ్చిన ‘పొయెజీ’ కూడా ఉంది గానీ దాని ధోరణి వేరు, కాస్త పాతకాలపు కలల వాసన వేస్తుంది. చిన్నపిల్లలు స్నేహితుల చేత నాలుగు పంక్తులు రాయించుకునే నోటుపుస్తకాన్ని పొయెజీ ఆల్బమ్ అంటారు. అదే పేరుతో తూర్పు జర్మనీలో 1967 నుంచి చిన్న చిన్న కవిత్వ పుస్తకాలు నెలనెలా వచ్చేవి, ఒక్కోటి 90 ఫెనిగ్‌లు (అక్కడి పైసలు). మా కింది వాటా ముసలావిడ దగ్గర అవి ఒక అట్టపెట్టె నిండా ఉన్నాయి, ఒక్కటీ బయటికి ఇవ్వదు.

డిష్టుంగ్‌కు ఇంకో కొస కూడా ఉంది. దాని క్రియకు ముందు ‘అన్’ చేర్చి ‘అన్‌డిష్టెన్’ అంటే ఒకరికి లేనిపోనివి అంటగట్టడం. మనకు కొత్త కాదు కదా. మనవాళ్లు పద్యమూ అల్లుతారు, అబద్ధమూ అల్లుతారు. గోథే పేరులో ఈ రెండు కొసలూ ఉన్నాయి. ఇంగ్లీషులోకి వచ్చేసరికి ఒకరు ఒక కొస పట్టుకున్నారు, ఇంకొకరు రెండోది. పొయెట్రీ అంటే ఛందస్సు గుర్తొస్తుంది, పుస్తకం చూస్తే వచనం. ఫిక్షన్ అంటే ఇవాళ్టి పాఠకుడికి నిజం కానిది, అంతే. గోథే చెప్పదలిచింది నా జీవితం గురించి అబద్ధాలాడుతున్నానని కాదు. జరిగినదాన్ని గుర్తు తెచ్చుకుని రూపం ఇచ్చేటప్పుడు అది కూడా ఒక రచనే అవుతుందని.

ఈ గొడవ అరిస్టాటిల్ నాటి నుంచీ ఉంది. గ్రీకులో ‘పొయేసిస్’ అంటే చేయడం, తయారు చేయడం. ఛందస్సులో ఏది రాసినా జనం కవి అనేస్తున్నారని ఆయన ఫిర్యాదు. తత్వవేత్త ఎంపెడోక్లిస్ ప్రకృతిశాస్త్రాన్ని పద్యాల్లో రాస్తే హోమర్ పక్కన కూర్చోబెడతారా, ఇద్దరికీ ఛందస్సు తప్ప ఏం పోలిక అంటాడు. మన పావులూరి మల్లన గణితం పద్యాల్లో రాస్తే ఎవరైనా కావ్యం అన్నారా? చరిత్రకారుడు హెరొడోటస్ రాసినదాన్ని ఛందస్సులో పెట్టినా అది చరిత్రే అన్నాడు అరిస్టాటిల్. పద్యమా వచనమా అన్నది కాదు, కల్పించాడా లేదా అన్నది ఆయన గీసిన గీత. ఫ్రెంచి పొయెజీ, ఇటాలియన్ పొయెజియా, ఇంగ్లీషు పొయెట్రీ అన్నీ ఆ గ్రీకు మాట సంతానమే అయినా వాడుకలో ఛందస్సు వైపే ఎక్కువ జరిగాయి. లాటిన్ మాట పట్టుకున్న జర్మన్ మాత్రం, అనుకోకుండానే, అరిస్టాటిల్ గీత దగ్గర ఉండిపోయింది.

మీరు ఇప్పటికే ఊహించి ఉంటారు. డిష్టుంగ్‌కు ఇంగ్లీషు కంటే మన ‘కావ్యం’ దగ్గర. గద్యమూ కావ్యమే, పద్యమూ కావ్యమే. ‘కావ్యేషు నాటకం రమ్యం’ అన్నప్పుడు నాటకాన్ని కావ్యాల్లోనే లెక్కేశారు కదా. ఫోర్‌స్టర్ 1791లో ఇంగ్లీషు నుంచి జర్మన్‌లో పెట్టిన శాకుంతలం చదివి గోథే మురిసిపోయాడు, అందులో పద్యాలూ వచనమూ కలిసే ఉన్నాయి. అయినా పేరుగా ‘కావ్యమూ సత్యమూ’ అని పెట్టకండి. అలంకారశాస్త్రం చదివినవాళ్లకు సరే గానీ, ఇవాళ మాసపత్రిక చదివేవాళ్లకు కావ్యం అంటే పద్యాల పుస్తకమే. నా ఓటు ‘కల్పన, సత్యం’కు. కల్పితం అంటే అబద్ధమనే అనుమానం వస్తుంది గానీ కల్పనాశక్తి అంటే కవికి మెచ్చుకోలు. రెండు కొసలూ మిగులుతాయి. కావ్యం సంగతి లోపల ఒక పేరాలో వివరించండి, అది మీకంటే బాగా ఎవరూ రాయలేరు.

ఫ్రెంచివాళ్లు దీన్ని ‘పొయెజీ ఎ వెరితే’ అన్నారు. ఫ్రెంచి కవి పాల్ ఎల్యువార్ 1942లో, జర్మన్ సైన్యం పారిస్‌లో ఉండగా, తన కవితల పుస్తకానికి అదే పేరు పెట్టి చివర ఆ సంవత్సరం చేర్చాడు. అందులోదే ‘లిబెర్తే’, స్వేచ్ఛ మీద కవిత. బ్రిటిష్ విమానాలు దాన్ని కరపత్రాల్లా ఫ్రాన్స్ మీద చల్లాయి. అక్కడ అది నిజంగా కవిత్వమూ సత్యమూనే. గోథేకు అతకని అనువాదం ఎల్యువార్‌కు అతికింది.

రష్యన్ గురించి ఒక్క మాటే. అక్కడ ‘పొయెమా’ అంటే పెద్ద కథాకావ్యం, చిన్న కవితకు వేరే మాట ఉంది. గొగోల్ 1842లో తన వచన నవల ‘మృతాత్మలు’ అట్ట మీద పొయెమా అని, పుస్తకం పేరు కంటే పెద్ద అక్షరాలతో వేయించాడు. ఇంగ్లీషులో దాన్ని ‘ఎ పోయెమ్’ అంటే చదివేవాడు తికమకపడతాడు.

మీ పాత వ్యాసంలో ఒక వాక్యం కూడా సరిచూడండి, పుస్తకంగా వేసే ముందు. ఆష్విట్జ్ (నాజీలు యూదులను చంపిన శిబిరం) తర్వాత కవిత్వం రాయడం అనాగరికం అని జర్మన్ తత్వవేత్త అడోర్నో అన్నట్టు రాశారు. ఇంగ్లీషులో అలాగే ఉంది, ‘పొయెట్రీ’ అని. 1951లో అచ్చయిన జర్మన్ వాక్యంలో ఉన్నది ‘ఐన్ గెడిష్ట్’, ఒక కవిత. ఆష్విట్జ్ తర్వాత ఒక కవిత రాయడం అనాగరికం. కవిత్వం అంటే అది మొత్తం కళ మీద ఇచ్చిన తీర్పు. ఒక కవిత అంటే బల్ల ముందు కూర్చుని కాగితం తీసుకున్న మనిషిని నిలదీయడం. నాకు రెండోదే ఎక్కువ భయంగా ఉంటుంది. 1966లో ఆయనే కొంత వెనక్కి తగ్గాడు, హింసపడుతున్నవాడికి అరిచే హక్కు ఉన్నట్టే ఎడతెగని బాధకు చెప్పుకునే హక్కు ఉందని. అప్పుడూ ఆయన వాడినది గెడిష్ట్ అనే మాటే. మీరు మొదటి వాక్యం తీసుకుంటే రెండోది కూడా తీసుకోండి, లేకపోతే ఆయనకు అన్యాయం.

గోథే పేరు ఇక్కడ పలికేది మన అక్షరాల్లో ఇమడదు. గోథే అనే రాయండి, మనవాళ్లకు అలవాటైంది. ప్రూఫులు వచ్చాక వాట్సాప్‌లో పెడితే మిగతా జర్మన్ పేర్లు నేను చూసి పెడతాను.

అమ్మ సంగతి. మోకాలి ఎక్స్‌రే తీయించారా లేదా? తీయిస్తే ఫొటో పంపండి, తీయించకపోతే ఈ వారమే తీసుకెళ్లండి. మేడ మెట్లెక్కి బట్టలు ఆరేయడం మానమని చెప్పండి, నేను చెబితే వినదు. పిల్లవాడు తెలుగు అక్షరాల్లో ‘ణ’ దాకా వచ్చాడు. దాని వంకర్లు చూసి ఇది బొమ్మా అక్షరమా అంటున్నాడు. వేసవిలో మీ దగ్గరకు పంపిస్తాను, మీరే తేల్చండి.

ఇట్లు
మీ అమ్మలు