ముద్ర వేస్తే అప్రెంటిస్ అయిపోతాడా?

సంపాదకుల వారికి,

ఇంటర్ ఒకేషనల్ పిల్లల ఆన్ ద జాబ్ ట్రైనింగ్ (చదువులో భాగంగా షాపుల్లో పని నేర్చుకోవడం) గురించి పోయిన వారం మీరు వేసిన వార్త చదివాను. శిక్షణ బ్రహ్మాండంగా సాగుతోందని అధికారిగారు సెలవిచ్చారు. ఎక్కడ సాగుతోందో కూడా చెప్పి ఉంటే మేమూ వెళ్లి చూసొచ్చేవాళ్లం.

నాది మోటారు వైండింగ్ షాపు. ఏటా పరీక్షల ముందు ఎలక్ట్రికల్ గ్రూపు పిల్లలు నా దగ్గరికి వస్తారు, పని నేర్చుకోడానికి కాదు, ట్రైనింగ్ రికార్డు మీద మా షాపు ముద్ర కోసం. ఈసారి వచ్చిన కుర్రాడి రికార్డు తిరగేశాను. రోజూ ఇక్కడే పని చేసినట్టు అంతా ఒకే పెన్నుతో, కూర్చున్న పట్టున రాసుకొచ్చాడు, ఆదివారాలు కూడా వదల్లేదు. మా షాపుకి ఆదివారం సెలవని వాడికి తెలిస్తే కదా! కాలిపోయిన సింగిల్ ఫేజ్ మోటారు విప్పి స్టార్టింగ్ కాయిల్ ఏది, రన్నింగ్ కాయిల్ ఏది అంటే నేల చూపులు చూశాడు. ముద్ర వెయ్యనన్నాను. ఇంకెక్కడో వేయించుకున్నాడట. వాణ్ని అని ఏం లాభం, వాడికి చెప్పేది గెస్టు లెక్చరరు, ఆ లెక్చరరుకి జీతం ఎప్పుడొస్తుందో ఆయనకే తెలీదు.

అసలు చట్టం లేదా అంటే ఉంది. 1961 నాటి అప్రెంటిస్ చట్టాన్ని 1986లో సవరించి ఒకేషనల్ పిల్లల్ని కూడా అందులో చేర్చారు. 2019 నిబంధనల్లో వాళ్లకి నెలకి కనీసం 7,000 రూపాయల స్టైపెండ్ అని పెట్టారు, అందులో సగం కేంద్రమే యజమానికి తిరిగిస్తుంది. బాగానే ఉంది. కానీ ఆచరణలో అదంతా ఇంటర్ పాసయ్యాకే. ఇంట్లో గడవక మధ్యలో మానేసి సెంట్రింగ్ పనికి పోయేవాడికి ఆ తర్వాత వచ్చే స్టైపెండ్ దేనికి? చదివే రెండేళ్లలోనే వారంలో కొన్ని రోజులు కాలేజీ, కొన్ని రోజులు పని, చేతికి డబ్బు, కాగితం మీద ఒప్పందం ఉంటే వాడు నిలబడతాడు. ఆస్ట్రేలియాలో 11, 12 చదివే పిల్లలకి అలాగే ఉంది. అక్కడి విక్టోరియా రాష్ట్రంలో వారానికి కనీసం 13 గంటలు, అందులో 7 గంటలు జీతమిచ్చే పని, 6 గంటలు శిక్షణ, ఆ శిక్షణ ప్లానుకి బడి కూడా ఒప్పుకోవాలి. చదువూ పోదు, పనీ వస్తుంది. పిల్లలతో చాకిరీ చేయించుకుంటారని భయపడేవాళ్లు ఒక్కసారి ఆలోచించండి, ఒప్పందం, గంటల లెక్క లేని ఇప్పటి పద్ధతిలోనే కదా ఆ భయం ఎక్కువ.

ఇంకో విచిత్రం వినండి. ముగ్గురు, అంతకంటే తక్కువ మంది ఉన్న షాపు అప్రెంటిస్‌ని తీసుకోకూడదట, కనీసం నలుగురు ఉండాలట. మా షాపులో ఉన్నది ముగ్గురం. వైండింగు, ఏసీ రిపేరు, బైకు మెకానిక్కు, ఈ పనులు నేర్చుకునేదే ఇలాంటి చిన్న షాపుల్లో. 30 మంది దాటిన కంపెనీలు తప్పనిసరిగా తీసుకోవాలి గానీ, మా మండలంలో అలాంటివి వెతికినా కనపడవు. రూలు రాసినాయన ఎప్పుడైనా ఫ్యాను రిపేరుకి బయటికొచ్చాడో లేదో!

ఇక 2020 జాతీయ విద్యావిధానం సంగతి. మన దేశంలో 19 నుంచి 24 ఏళ్ల వాళ్లలో పద్ధతిగా వృత్తివిద్య నేర్చింది 5 శాతం లోపేనని, జర్మనీలో 75 శాతమని అందులో ప్రభుత్వం వాళ్లే రాసుకున్నారు. 2025 కల్లా కనీసం సగం మంది విద్యార్థులకి ఒకేషనల్ పరిచయం చేస్తామన్నారు. 2025 వచ్చింది, పోయింది. మా ఊళ్లో మాత్రం పదో తరగతి ఫలితాలు రాగానే ఇళ్ల ముందుకొచ్చేది ఇప్పటికీ ఎంపీసీ, బైపీసీ కాలేజీల పీఆర్వోలే. ఒకేషనల్ అంటే మార్కులు రానివాడు చేరేదనే లెక్క. పైగా అందులో చేరినవాడు తర్వాత ఇంజినీరింగ్ ఎంట్రన్స్ రాయాలంటే ఎంపీసీ సబ్జెక్టుల లోటు పూడ్చే బ్రిడ్జి కోర్సు పేపర్లు విడిగా రాసుకోవాలి, ఆ సంగతి చేరేటప్పుడు చెప్పే నాథుడు ఉండడు.

జాబ్ మేళాల్లో ఫొటోలు దిగే అధికారులు నాకు రెండు ముక్కలు చెబితే చాలు. పని జరగని చోట ముద్ర చూసి మార్కులెలా వేస్తున్నారు? పని జరిగే చోట ముగ్గురే ఉన్నారని వద్దనడం ఎందుకు? జవాబు వస్తే ఇదే పేజీలో వేయండి.

– ఒక మోటారు మెకానిక్, గుంటూరు జిల్లా