మా డొమైన్‌ను మా పేరుకు మార్చండి

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: మా దుకాణం డాట్ కామ్ డొమైన్ (వెబ్‌సైట్ చిరునామా) యాజమాన్యం, ట్రాన్స్‌ఫర్ కోడ్ గురించి ఫిర్యాదు.

నమస్కారమండీ. మంగళగిరిలో మాది చేనేత చీరల దుకాణం. 2019లో మా వెబ్‌సైట్ తయారు చేసింది, డొమైన్ తీసుకున్నది మీ కంపెనీ ద్వారానే. అప్పటి నుంచి ఏటా రెన్యువల్ డబ్బులు 18 శాతం జీఎస్టీతో సహా కడుతూనే ఉన్నాం. ఇప్పుడు వేరే కంపెనీకి మారదామని, అందుకు కావాల్సిన ట్రాన్స్‌ఫర్ కోడ్ అడిగితే, "రిలీజ్ చార్జీ" కింద పదిహేను వేలు కట్టమన్నారు. ఎందుకు కట్టాలని అడిగితే, "డొమైన్ మా కంపెనీ పేరు మీదే ఉంది కదండీ" అన్నారు మీ స్టాఫ్.

వెంటనే రిజిస్ట్రేషన్ వివరాలు తీసి చూశాను. నిజమే, ఓనర్ సంస్థగా మీ కంపెనీ పేరే ఉంది. కానీ మీరిచ్చిన మొదటి బిల్లు కూడా నా ముందే ఉంది. "డొమైన్ రిజిస్ట్రేషన్, ఒక సంవత్సరం" అని రాసి, కస్టమర్ అన్నచోట మా దుకాణం పేరు, మా జీఎస్టీ నంబరు వేశారు. మా డబ్బుతో కొన్న మా దుకాణం పేరును మీ పేరు మీద ఎలా పెట్టుకుంటారు? ఇల్లు కట్టిన మేస్త్రీ కూలి తీసుకుంటాడు గానీ, స్థలం తన పేరున రాయించుకోడు కదా.

వెబ్‌సైట్ అంటే మాకు ఫొటోలు పెట్టుకునే చోటు మాత్రమే కాదు. చీర అంచుకు కుట్టే ప్రతి ట్యాగ్ మీద, ప్రతి అట్టపెట్టె మీద ఈ పేరే ముద్రించి ఉంది. బ్యాంకు నుంచి, జీఎస్టీ పోర్టల్ నుంచి ఓటీపీలు వచ్చేది కూడా ఈ డొమైన్ మీదున్న ఈమెయిల్‌కే. డొమైన్ ఎవరి చేతిలో ఉంటే ఆ మెయిల్స్ వాళ్ల చేతిలో ఉన్నట్టే. అందుకే ఇంత టెన్షన్ పడుతున్నాం.

డాట్ కామ్ పేర్లకు, ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థను చూసే అంతర్జాతీయ సంస్థ ఐకాన్ (ICANN) నియమాలు వర్తిస్తాయి. ఓనర్ అడిగిన 5 రోజుల్లోగా రిజిస్ట్రార్, అంటే డొమైన్‌లు నమోదు చేసే సంస్థ, కోడ్ ఇవ్వాలి. ట్రాన్స్‌ఫర్ ఫీజు కట్టలేదన్న కారణంతో ట్రాన్స్‌ఫర్ ఆపకూడదు. మీరు రిజిస్ట్రార్ తరఫున అమ్మే రీసెల్లర్ మాత్రమే అయినా, మీ పైనున్న రిజిస్ట్రార్ ఈ నియమాలను మీ చేత పాటింపజేయాల్సిందే. రికార్డులో ఓనర్‌గా మీరే ఉన్నారు కాబట్టి ఇవేవీ మా దుకాణానికి వర్తించవని మీరు అనవచ్చు. ఆ రికార్డు సరిచేయమనే మేం అడుగుతున్నది.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఓనర్ పేరు మారిస్తే మామూలుగా 60 రోజుల ట్రాన్స్‌ఫర్ లాక్ పడుతుంది, అంటే అన్నాళ్లూ వేరే రిజిస్ట్రార్‌కు మార్చడం కుదరదు. మా డొమైన్ గడువు ఈలోపే అయిపోతుంది. అందుకని ముందు రెన్యువల్ చేయండి. మామూలు ఫీజు మేం కడతాం, బిల్లు పంపండి. తర్వాత ఓనర్ పేరు, కాంటాక్ట్ ఈమెయిల్ మావి పెట్టండి. లాక్ వద్దనుకునే సౌకర్యం మీ రిజిస్ట్రార్ ఇస్తుంటే, పేరు మార్చే ముందే అది ఎంచుకోండి. లేదంటే అదే రిజిస్ట్రార్ దగ్గర మేం తెరిచే అకౌంట్‌లోకి డొమైన్‌ను పంపేయండి, లాక్ తీరాక మేమే మార్చుకుంటాం. ఏది చేసినా గడువు మాత్రం దాటనివ్వకండి. గడువు ముగిసి డొమైన్ డిలీట్ అయితే, రిడెంప్షన్ అనే 30 రోజుల వ్యవధిలో భారీ ఫీజు కట్టి వెనక్కి తెచ్చుకోవాలి. అదీ దాటితే మరో 5 రోజులకు ఆ పేరు ఎవరైనా కొనేసుకోవచ్చు.

ఈ లేఖ అందిన వారం రోజుల్లో ఏం చేశారో రాతపూర్వకంగా తెలియజేయండి. ఫోన్‌లో చెప్పే మాటలు మాకు వద్దు. జవాబు రాకపోతే బిల్లులన్నీ జతచేసి మీ రిజిస్ట్రార్‌కు, 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేస్తాం. అక్కడా తేలకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం. పదిహేను వేలు మాత్రం కట్టేది లేదు.

జతపరిచినవి: 2019 నాటి మొదటి బిల్లు, రెన్యువల్ రసీదులు, రిజిస్ట్రేషన్ వివరాల స్క్రీన్‌షాట్.

ఇట్లు,
చేనేత చీరల దుకాణం యజమాని,
మంగళగిరి