గాలిలో కరెంటు ఎంత? కొలిచి చెప్పాలి

సంపాదకులు గారికి నమస్కారం.

సైన్స్ ఫెయిర్ల కాలం వచ్చిందంటే జిల్లా పేజీల్లో ‘సెల్ టవర్ తరంగాలతో ఫోన్ ఛార్జింగ్’, ‘గాలిలోంచి ఉచిత కరెంటు’ లాంటి శీర్షికలు కనబడుతుంటాయి. పిల్లల ఉత్సాహాన్ని మెచ్చుకోవాల్సిందే. అయితే ఆ వార్తల్లో ఎంత కరెంటు వచ్చిందన్న ముక్క మాత్రం ఎక్కడా ఉండదు. రేడియో తరంగాల్లో శక్తి ఉన్న మాట నిజం. యాంటెన్నాతో పట్టి, కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడుతో డీసీగా మార్చి వాడుకోవచ్చన్నదీ నిజం. తేలాల్సిందల్లా అది ఎన్ని మైక్రోవాట్లు (వాట్‌లో పది లక్షల వంతు) అన్నదే. ఆ అంకె లేకుండా వార్త వేయవద్దని, బహుమతి ఇవ్వవద్దని, టెండరు పిలవవద్దని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

లండన్ ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు ఆ నగరంలోని 270 భూగర్భ రైలు స్టేషన్ల బయట తరంగాల సాంద్రతను కొలిచి 2013లో ఫలితాలు ప్రచురించారు. సగటున చదరపు సెంటీమీటరుకు 900 మెగాహెర్ట్జ్ మొబైల్ పట్టీ (బ్యాండ్)లో 36 నానోవాట్లు (మైక్రోవాట్‌లో వెయ్యో వంతు), 1800 పట్టీలో 84 నానోవాట్లు, వైఫైలో 0.2 కంటే తక్కువ వచ్చింది. 900 మెగాహెర్ట్జ్ దగ్గర రెండు కడ్డీల మామూలు డైపోల్ యాంటెన్నా సుమారు 145 చదరపు సెంటీమీటర్ల మేర తరంగాన్ని పట్టగలదు. అంటే చేతికొచ్చేది 5 మైక్రోవాట్లు. అంత బలహీనమైన సిగ్నల్‌ని డీసీగా మార్చేటప్పుడు మంచి సర్క్యూట్‌లో కూడా ఐదో వంతు మిగిలితే గొప్ప. చివరికి మిగిలేది 1 మైక్రోవాట్. 5000 ఎంఏహెచ్ ఫోన్ బ్యాటరీ నిండాలంటే ఆ లెక్కన రెండు వేల ఏళ్లు దాటుతుంది. టవర్‌కి మరీ దగ్గరగా వెళ్తే ఎక్కువ రాదా అని అడగవచ్చు. వస్తుంది. కానీ మన దేశంలో 2012 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి తెచ్చిన పరిమితి 900 మెగాహెర్ట్జ్ దగ్గర చదరపు మీటరుకు 0.45 వాట్లు. సరిగ్గా ఆ గీత మీద నిలబడినా అదే డైపోల్‌కి అందేది ఆరేడు మిల్లీవాట్లే. ఫోన్ ఛార్జర్ ఇచ్చేది పది వాట్లు.

మరి ప్రదర్శనలో ఎల్ఈడీ ఎలా వెలిగింది? చాలాసార్లు యాంటెన్నా పక్కనే కాల్‌లో ఉన్న ఫోనో, వాకీటాకీయో ఉంటుంది. టూజీ ఫోను 900 పట్టీలో గరిష్ఠంగా 2 వాట్ల పల్స్ పంపుతుంది. 5 వాట్ల వాకీటాకీ సంగతి చెప్పనక్కర్లేదు. ఎల్ఈడీని వెలిగించింది ఆ బ్యాటరీయే, టవర్ కాదు. ఇంకొన్నిసార్లు పొడవాటి తీగ గోడలోని వైరింగ్ నుంచి 50 హెర్ట్జ్ ఇంటి కరెంటుని లాగుతుంది. అది రేడియో శక్తే కాదు. న్యాయనిర్ణేతలు చేయాల్సిన పరీక్షలు రెండే. ఒకటి, చుట్టుపక్కల ఫోన్లన్నీ ఆపించి, సర్క్యూట్‌ని మూత బిగుతుగా పట్టే స్టీలు డబ్బాలో పెట్టాలి. అప్పుడూ వోల్టేజీ పడిపోకపోతే లోపల ఎక్కడో సెల్ ఉన్నట్టే. రెండోది లోడు పరీక్ష, అసలు కీలకం ఇదే. మల్టీమీటర్ ఇన్‌పుట్ 10 మెగా ఓములు ఉంటుంది కాబట్టి ఏమీ తగిలించకుండా చూస్తే 1.2 వోల్టులు చూపించవచ్చు. ఆ అంకెను చూసే అందరూ మోసపోతారు. అవుట్‌పుట్‌కి 10 కిలో ఓముల రెసిస్టర్ అడ్డంగా పెట్టి మళ్లీ చూడాలి. వోల్టేజీ 0.05కి జారితే, వోల్టేజీ వర్గాన్ని ఓములతో భాగిస్తే వచ్చేది 0.25 మైక్రోవాట్. 4.7, 10, 47, 100 కిలో ఓములతో వరసగా చూసి వాటిలో ఎక్కువ వచ్చిన విలువను రాసుకోవాలి. పది నిమిషాల పని.

విడిభాగాల విషయంలోనూ మన ల్యాబుల్లో తరచూ పొరపాటు జరుగుతోంది. పవర్ సప్లైలో వాడే 1ఎన్4007 డయోడు 50 హెర్ట్జ్ కోసం చేసింది. దాని జంక్షన్ కెపాసిటెన్స్ (లోపల కెపాసిటర్‌లా ఛార్జిని పట్టే గుణం) సుమారు 15 పికోఫారడ్లు. 900 మెగాహెర్ట్జ్ దగ్గర అది 12 ఓములతో సమానం, అంటే తరంగం డయోడుని తప్పించుకుని అటూ ఇటూ దాటిపోతుంది. తక్కువ వోల్టేజీకే తెరుచుకునే షాట్కీ రకం కదా అని 1ఎన్5819 పెడితే ఇంకా అన్యాయం, అది వంద పికోఫారడ్లకు పైమాటే. ఈ పనికి ఎస్ఎంఎస్7630 లాంటి డిటెక్టర్ డయోడు కావాలి. దాని కెపాసిటెన్స్ 0.14 పికోఫారడ్, వంద మైక్రోఆంపియర్ల దగ్గర 60 నుంచి 120 మిల్లీవోల్టులకే తెరుచుకుంటుంది. జీరో బోర్డు (చిల్లుల సర్క్యూట్ బోర్డు) మీద కాళ్లు పొడవుగా వదిలి సోల్డర్ చేస్తే ఆ కాళ్లే కాయిల్ అయి యాంటెన్నాకీ డయోడుకీ మధ్య మ్యాచింగ్ చెడిపోతుంది. నిల్వకి పెద్ద ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ పెట్టడం మరో తప్పు. అందులో లీకయ్యే కొద్ది మైక్రోఆంపియర్లే మనకొచ్చే కరెంటు కంటే ఎక్కువ, కాబట్టి అది ఎన్ని రోజులకీ నిండదు. సిరామిక్‌వి వాడాలి. వోల్టేజీ పెంచే బీక్యూ25570 లాంటి చిప్‌కి కూడా ఖాళీ స్థితి నుంచి లేవాలంటే దాదాపు 15 మైక్రోవాట్లు, 0.6 వోల్టులు కావాలి. 1 మైక్రోవాట్ వచ్చే చోట అది అసలు మేల్కోదు.

ఇంత చెప్పాక ఈ విద్య పనికిరాదని పాఠకులు అనుకోకూడదు. తరంగాన్ని మనమే పంపుతున్న చోట ఇది రోజూ కోట్లసార్లు పనిచేస్తోంది. కారు అద్దం మీది ఫాస్టాగ్‌లో బ్యాటరీ లేదు. టోల్‌గేటు పైనున్న రీడరు 865 మెగాహెర్ట్జ్ పట్టీలో, అనుమతించిన 4 వాట్ల ప్రసారంతో పంపే తరంగమే దానికి తిండి. ఐదు మీటర్ల దూరంలో లెక్క ప్రకారం 0.2 మిల్లీవాట్లు అందుతుంది. అద్దం కొంత తినేసినా, చిప్‌కి కావాల్సిన పది మైక్రోవాట్ల కంటే చాలా ఎక్కువే మిగులుతుంది. ట్యాగ్ యాంటెన్నాను గాజుకు అంటి ఉండేలా ట్యూన్ చేస్తారు. అతికించకుండా చేత్తో పట్టుకుని చూపిస్తే చేతిలోని నీరు ఆ ట్యూనింగ్‌ని చెడగొడుతుంది. వేడిని ఆపే లోహపు పూత ఉన్న అద్దాల వెనకా ఇదే తంటా. గోదాముల్లో బస్తాల లెక్క, లైబ్రరీ పుస్తకాలు, ఆసుపత్రి పరికరాల గుర్తింపు... ఇవన్నీ ఈ కోవలోవే. కొనుగోలు చేసే శాఖలు మొదట చూడాల్సింది ఇటువైపే.

ఒక హెచ్చరిక తప్పనిసరి. ఆన్‌లైన్‌లో దొరికే హార్వెస్టింగ్ కిట్లు (తరంగాల నుంచి కరెంటు పట్టేవి) ఎక్కువగా అమెరికా కోసం 915 మెగాహెర్ట్జ్‌కి చేసినవి. అక్కడ 902 నుంచి 928 వరకు లైసెన్సు అక్కర్లేని స్వేచ్ఛా పట్టీ. మన దగ్గర 890 నుంచి 915 వరకు ఫోన్లు టవర్‌తో మాట్లాడే దారి. ఆ కిట్‌లోని 3 వాట్ల ట్రాన్స్‌మిటర్‌ని కాలేజీలో ఆన్ చేస్తే చుట్టుపక్కల ఫోన్ల సిగ్నల్‌కి అడ్డుపడుతుంది, చట్టప్రకారం నేరం కూడా. రిసీవర్ బోర్డు కొన్నా, ట్రాన్స్‌మిటర్ మాత్రం 865 పట్టీకి చెందినదీ, కేంద్ర వైర్‌లెస్ విభాగం ఆమోదం ఉన్నదీ అయ్యుండాలి.

పొలాల్లో బ్యాటరీ లేని తేమ సెన్సర్ల గురించి కూడా ఒక మాట. తక్కువ శక్తితో దూరానికి సందేశాలు పంపే లోరా రేడియో ఒక్కసారి చిన్న సందేశం పంపడానికి దగ్గరి దూరం సెట్టింగ్‌లో సుమారు 8 మిల్లీజౌళ్లు, అతి దూరం సెట్టింగ్‌లో 180 దాకా ఖర్చవుతుంది. పైన చెప్పిన 1 మైక్రోవాట్‌తో మొదటిదానికి రెండు గంటల పైన, రెండోదానికి రెండు రోజులు కూడబెట్టాలి. అదీ లండన్ నడిబొడ్డున ఉన్నంత సిగ్నల్ ఉంటేనే. మన మెట్ట పొలాల్లో అందులో వందో వంతు కూడా ఉండదు, అప్పుడు డయోడు తెరుచుకోనే తెరుచుకోదు. అదే చోట అగ్గిపెట్టెంత సోలార్ పలక ఎండలో వంద మిల్లీవాట్లకు పైనే ఇస్తుంది. రైతు డబ్బుతో, ప్రజల డబ్బుతో పెట్టే పరికరానికి ఏది తగునో వేరే చెప్పాలా?

బడి పిల్లలకు ఇది చేసి చూపించాలంటే ఆకాశవాణి మీడియం వేవ్ ప్రసారాన్ని మించింది లేదు. ప్రసార భారతి పలు చోట్ల ఈ ట్రాన్స్‌మిటర్లను ఆపేసింది. ప్రసారం ఇంకా నడుస్తున్న ఊళ్లలోనైనా ఈ అవకాశం వాడుకోవాలి. 3 అంగుళాల పీవీసీ పైపు మీద 24 గేజి ఎనామెల్ రాగి తీగ 55 చుట్లు చుడితే సుమారు 250 మైక్రోహెన్రీలు. దానికి గ్యాంగ్ కండెన్సర్ (తిప్పి మార్చుకునే కెపాసిటర్) తగిలించి 145 పికోఫారడ్ల దగ్గర తిప్పితే విజయవాడ కేంద్రం 837 కిలోహెర్ట్జ్ తగులుతుంది. ఇరవై మీటర్ల ఏరియల్‌ని నేరుగా పైకొసకు కలిపితే దాని సొంత కెపాసిటెన్స్‌తో ట్యూనింగ్ తప్పుతుంది. కింది నుంచి పది, పదిహేను చుట్ల దగ్గర ట్యాపింగ్ (చుట్ల మధ్య నుంచి తీగ) తీసి కలపాలి. డయోడు జెర్మేనియందే, ఓఏ79 గానీ 1ఎన్34 గానీ. క్రిస్టల్ ఇయర్‌ఫోన్ వాడితే దానికి అడ్డంగా 47 కిలో ఓములు పెట్టాలి, లేదంటే శబ్దం నొక్కుకుపోతుంది. పాట వినిపించాక ఇయర్‌ఫోన్ తీసి పైన చెప్పిన లోడు పరీక్ష చేయిస్తే, గాలిలోంచి ఎంత వచ్చిందో పిల్లలే లెక్కగట్టగలరు. కేంద్రానికి కొద్ది కిలోమీటర్ల లోపు, ఎర్తు బాగుంటే, మిల్లీవాట్లలోనే రావచ్చు. ఏరియల్ కరెంటు తీగల దరిదాపుల్లోకి పోకూడదు. ఉరుములప్పుడు విప్పేసి ఎర్తుకి కలిపేయాలి.

కాబట్టి మీ విలేఖరులు ఇలాంటి ప్రాజెక్టు గురించి రాసేటప్పుడు నాలుగు విషయాలు అడిగి వార్తలో వేయండి: ఏ పౌనఃపున్యం, తరంగం పంపే చోటు ఎంత దూరం, ఎన్ని ఓముల లోడు మీద ఎన్ని వోల్టులు, ఎంతసేపు. జిల్లా విద్యాశాఖాధికారులు సైన్స్ ఫెయిర్ దరఖాస్తులోనే ఈ నాలుగు గడులు చేర్చాలి. బడుల్లోని అటల్ టింకరింగ్ ల్యాబుల సామాను జాబితాలో ఆమోదం ఉన్న ఒక యూహెచ్ఎఫ్ (865 పట్టీ) రీడరు, పది రూపాయల లోపు దొరికే ట్యాగులు కొన్ని, డిటెక్టర్ డయోడుల పొట్లం ఒకటి ఉండేలా చూడాలి.

ఇట్లు,
ఒక ఎలక్ట్రానిక్స్ అధ్యాపకుడు,
కాకినాడ