నాన్న కోసం వచ్చిన అందరికీ

నాన్న పోయి ఇవాళ్టికి పదిహేడు రోజులు. వచ్చినవాళ్లకి, ఫోన్ చేసినవాళ్లకి విడివిడిగా చెప్పే ఓపిక అమ్మకి లేదు. నాకేమో నోరు విప్పితే ఏడుపొస్తోంది. అందుకే రాస్తున్నాను.

ముందు రక్తం ఇచ్చిన ఆ నలుగురు కుర్రాళ్లకి. అర్ధరాత్రి దాటాక వచ్చారు, ఇచ్చి వెళ్లిపోయారు. ఆ కంగారులో మీ పేర్లు కూడా అడగలేదు, ఏమీ అనుకోకండి. తర్వాత నైట్ డ్యూటీ సిస్టర్ గారికి. నాన్న గట్టిగా మాట్లాడితే చాలామంది కోపం అనుకునేవారు. మీరు మాత్రం నవ్వుతూ అంతే గట్టిగా జవాబిచ్చేవారు.

ఆ గొంతు సంగతి చెప్పాలి. నాన్నకి వినికిడి తక్కువ. "నా మాట మీరెప్పుడు విన్నారు గనక" అని అమ్మ నలభై ఏళ్లు సాధించింది. అది బాయిలర్ రూమ్ ఇచ్చిన చెవుడని, నేవీ విమానవాహక నౌక విక్రాంత్‌లో ఆయనతో పనిచేసిన బాబాయి గారు ఆసుపత్రి వరండాలో చెప్పేదాకా మాకు తెలీదు. 1971 యుద్ధం నాటికి నాన్నకి ఇరవై ఏళ్లు. ఓడకున్న నాలుగు బాయిలర్లలో ఒకటి పగుళ్లిచ్చింది. మిగతా మూడింటితోనే నెట్టుకు రావాలి. డెక్ మీంచి విమానం లేవాలంటే ఓడ గాలికి ఎదురు పరిగెత్తాలి, ఆ పరుగుకి కావలసిన ఆవిరి కిందున్న వీళ్లు పుట్టించాలి. డిసెంబర్ 4న సీ హాక్ విమానాలు అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని కాక్స్ బజార్ మీదికి వెళ్తుంటే నాన్నకి ఆకాశమే కనబడలేదు. "మేం యుద్ధం చూళ్లేదమ్మా, ప్రెషర్ గేజీ చూశాం" అన్నారు బాబాయి గారు.

నాన్న నోట యుద్ధం మాట విన్నది ఒక్కసారే. విశాఖ బీచ్‌లో విక్టరీ ఎట్ సీ స్మారకం దగ్గర, విక్రాంత్‌ని వేటాడ్డానికొచ్చి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఎలా మునిగిందో తమ్ముడు హుషారుగా చెబుతున్నాడు. "దాంట్లోనూ ఇంజిన్ రూమ్ ఉంటుంది కదరా" అని ముందుకి నడిచి వెళ్లిపోయారు.

బాయిలర్ల హోరులో మాట వినబడదు కాబట్టి అక్కడ అన్నీ చేతి సైగలేనట. మా ఇంట్లోనూ అంతే. అన్నానికి రమ్మంటే ఒక సైగ, టీవీ కట్టెయ్యమంటే ఒక సైగ. అందరిళ్లలోనూ ఇలాగే ఉంటుందనుకున్నాం చిన్నప్పుడు. చివరి రెండు రోజులు, మాస్కు పెట్టాక, నాన్న మణికట్టు తిప్పుతూనే ఉన్నారు. సెలైన్ సూది పీకెయ్యమంటున్నారేమోనని మేం చెయ్యి పట్టుకుని ఆపుతూ కూర్చున్నాం. బాబాయి గారూ, మీరొచ్చి ఒక్క చూపు చూసి "వాల్వ్ మూసెయ్యమంటున్నాడు" అన్నారు. ఏసీ గాలి తిన్నగా మొహానికి కొడుతోంది. కట్టేశాం, నిద్రపోయారు. టీవీకి ఆయన చేసే సైగ కూడా అదే. మాకు ఆ క్షణాన తట్టలేదు.

అమ్మ ఫ్యామిలీ పెన్షన్ కాగితాల్లో చిక్కొచ్చింది. సర్వీసు రికార్డులో ఆవిడ పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా. నేవీలో రైటర్‌గా, అంటే గుమాస్తా పని, చేసి రిటైరైన మావయ్య గారు రెండు రోజులు మా హాల్లోనే కూర్చుని, పీపీవో (పెన్షన్ మంజూరు ఉత్తర్వు) దగ్గర్నుంచి మరణ ధ్రువపత్రం దాకా వరసగా పెట్టి, రక్షణ శాఖ పెన్షన్ల వెబ్‌సైటు స్పర్శ్‌లో ఎక్కించారు. టీ తప్ప ఏమీ ముట్టలేదు. మీ ఇళ్లలో ఇలాంటి తేడాలుంటే మనిషి ఉండగానే సరిచేయించుకోండి.

పదిహేనేళ్ల సర్వీసు కాగానే, 1983లో నాన్న వచ్చేశారు. ఇంకా ఉంటే పై ర్యాంకు వచ్చేదట. నేను పుట్టిన మొదటి ఏడాది నన్ను చూసింది మూడుసార్లే, ఆ లెక్క ఆయన మర్చిపోలేదు. ఆ తర్వాత మా స్కూలు యాన్యువల్ డే ఒక్కటీ తప్పలేదు. పాట సగం వినబడకపోయినా చప్పట్లు మాత్రం అందరికంటే ముందు ఆయనవే.

కొత్త విక్రాంత్‌ని 2022లో టీవీలో చూసి "దీనికి బాయిలర్లు లేవు, గ్యాస్ టర్బైన్లు. పిల్లల చెవులు బాగుంటాయి" అన్నారు. జోకనుకున్నాం.

పెద్దకర్మ రోజు ఒక నల్ల గొడుగు, ఒక కళ్లజోడు మా ఇంట్లో ఉండిపోయాయి. బాబాయి గార్లలో ఎవరివో అయ్యుంటాయి. ఎప్పుడైనా రండి. బెల్లు ఒక్కసారి కొడితే చాలు, నాన్నకి వినబడాలని పెట్టించింది అది, వీధి చివరిదాకా మోగుతుంది.