సుసంపన్నమైన దగ్గర నోరు మూశావు

మచిలీపట్నం,
ఆగస్టు 16, 2025.

చిరంజీవి చిన్నోడికి నాన్న దీవించి రాయునది. ఇక్కడ మేమిద్దరం క్షేమం. అక్కడ నువ్వు, కోడలు, బుజ్జిది క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

రోజూ ఫోన్లో మొహాలు చూసుకుంటూ మళ్లీ ఈ ఉత్తరమేమిటని నవ్వుకోకు. ఫోన్లో నేనొక మాట ఎత్తుకుంటే అది ఒడ్డుకు చేరేలోపే మీ అమ్మ "ఇవాళ ఏం కూర?" అని కోడల్ని అడుగుతుంది. అక్కడితో నా మాట సరి. కాగితం మీదైతే అడ్డం వచ్చేవాళ్లుండరు. రాసి, ఫోటోలు తీసి వాట్సాప్‌లో పెడతాను.

పోయిన నెల నువ్వు పంపిన వీడియో గురించి రాద్దామని. నువ్వు అమెరికా పౌరుడివైన రోజు కోడలు తీసిన వీడియో. పెద్ద హాలు, నిండా జనం, అందరూ కుడిచెయ్యి పైకెత్తి నిలబడ్డారు. ముందు ఎవరో ఒక్కో ముక్కా చదువుతుంటే మీరంతా వెనక చెబుతున్నారు. నువ్వు మూడో వరసలో, మేం పంపిన నీలం చొక్కాలో ఉన్నావు. మీ అమ్మ చొక్కా చూసి మురిసిపోయింది. నేను నీ నోరు చూశాను.

ముప్పై నాలుగేళ్లు ప్రార్థన దగ్గర నిలబడి పిల్లల నోళ్లు చూసినవాణ్ని, ఆ అలవాటు ఎక్కడికి పోతుంది? ప్రతిజ్ఞలో మొదటి మూడు వాక్యాలూ గొంతు చించుకుని అరుస్తారు. 'సుసంపన్నమైన, బహువిధమైన' దగ్గరికి వచ్చేసరికి బడి మొత్తం తేనెతుట్టెలా గుయ్‌మంటుంది, మాటలుండవు. మళ్లీ 'తల్లిదండ్రుల్ని, ఉపాధ్యాయుల్ని' దగ్గర గొంతులు లేస్తాయి. చాచిన చెయ్యి నొప్పెట్టి ముందువాడి భుజం మీద ఆన్చేవాళ్లు కొందరు. 'భారతీయులందరూ నా సహోదరులు' దగ్గర పక్క వరస ఆడపిల్లల్ని చూసి కిసుక్కుమనేవాళ్లు కొందరు. నువ్వు కూడా ఏడో తరగతిలో "అందరూ సహోదరులైతే మరి అమ్మని ఎలా పెళ్లి చేసుకున్నావు నాన్నా?" అని అడిగావు. తెలుగునాట ఈ ప్రశ్న వెయ్యని కుర్రాడూ లేడు, దానికి జవాబు చెప్పిన మాస్టారూ లేడు.

వీడియోలో మొదటి ముక్కే గట్టిది. ఇన్నాళ్లూ నేను ప్రజగా ఉన్న ఏ ప్రభువుకీ, ఏ రాజ్యానికీ ఇకమీదట విధేయుణ్ని కాను, పూర్తిగా వదులుకుంటున్నాను అని దాని అర్థం. డిక్షనరీ దగ్గర పెట్టుకుని మరీ చదివాను. ఆ ముక్క దగ్గర నీ పెదాలు కదల్లేదు. రాజ్యాంగాన్ని కాపాడతాననే చోట మళ్లీ కదిలాయి. అచ్చం సుసంపన్నమైన దగ్గర మూసినట్టే మూశావు.

నిజం చెప్పాలంటే అది చూసి ముందు సంతోషమేసింది. వాడికి మనసొప్పలేదు, నా కొడుకే కదా అనుకున్నాను. మేడ మీదికెళ్లి ఒక్కణ్నే కూర్చున్నాను. గంట గడిచేసరికి ఆ సంతోషం కాస్తా చేదెక్కింది. బడిలో నోరు మెదపనివాణ్ని బయటికి పిలిచి మళ్లీ చెప్పించేవాణ్ని నేను. "ఇష్టం లేకపోతే వరసలో నిలబడకు, నిలబడ్డాక గొంతు దాచుకోకు" అనేవాణ్ని. నువ్వు కోరి దరఖాస్తు పెట్టుకుని, వాళ్ల ప్రశ్నలకి జవాబులు చెప్పి, ఇరవయ్యేళ్లు అన్నం పెట్టిన దేశం ముందు చెయ్యెత్తి నిలబడ్డావు. నిలబడి సగమే చెప్పావు. మిగతా సగం నాకోసం దాచావా?

ఆ రాత్రి అన్నం సహించలేదని మీ అమ్మతో అన్నాను. "వాడేమన్నా గోత్రం మార్చుకున్నాడా, ఇంత ఇదిగా బెంగ పెట్టుకోడానికి?" అంది. ఆగి, తనే అంది. "అయినా గోత్రం మార్చుకున్నది నేను. ఇంటిపేరూ నేనే మార్చుకున్నాను. మా పుట్టింటిని మర్చిపోయానా?" ఆ పోలిక ఇక్కడ కుదరదన్నాను. "మీకు కుదరదు. మారింది మీరు కాదుగా" అని కంచం తీసుకుని వెళ్లిపోయింది. నలభై ఐదు నిమిషాల పీరియడ్లు లెక్కలేనన్ని చెప్పినవాణ్ని, ఇలాంటి ఒక్క ముక్కకి జవాబు లేక కూర్చుంటాను.

అసలు చెప్పాల్సింది ఇంకోటుంది. 1994 ఆగస్టు 15. నువ్వు ఆరో తరగతి. జెండా కట్టింది నేనే. మడతల్లో బంతిపూల రేకులు పోసి, ముందురోజు సాయంత్రమే కట్టి పెట్టాను. జారుముడి వెయ్యాలి. తాడు లాగగానే విడిపోయి, పూలు రాలి, జెండా ఎగరాలి. సర్పంచ్ గారు లాగారు, రాలేదు. ఇంకోసారి లాగారు. మూడోసారికి మూట మూటంతా కిందికి జారి ఆయన నెత్తి మీద పడింది. బడంతా ఊపిరి బిగబట్టింది. నువ్వొక్కడివే పకపకా నవ్వావు.

వరసలోంచి లాగి, అందరి ముందూ చెంప మీద కొట్టాను. జెండా అంటే నవ్వులాటగా ఉందా అని అరిచాను. ఎవరో కుర్రాడు మూట విప్పి, మళ్లీ కట్టి పైకి లాగాడు. వాడు విప్పేటప్పుడు చూశాను, పడింది పీటముడి. వేసింది నేను. ఇంటికొచ్చాక కూడా ఆ మాట నీకు చెప్పలేదు. బడిలో పంచిన చాక్లెట్ తినకుండా జేబులోనే పెట్టుకున్నావు, అది కరిగి నిక్కరంతా అంటుకుందని మీ అమ్మ గోల చేసింది. ముప్పై ఒక్క ఏళ్లయింది. ఇప్పుడు చెబుతున్నాను, ముడి నాది రా. ఆ చెంపదెబ్బకి దేశంతో ఏం సంబంధం లేదు. సర్పంచ్ ముందు పరువు పోయిందన్న ఉక్రోషం, అంతే.

మనం పిల్లలచేత చెప్పించే మాటల సంగతి కూడా నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. 1965 జనవరి 26 నుంచి దేశమంతా ప్రతిజ్ఞ మొదలయ్యేనాటికి నాకు ఎనిమిదేళ్లు. అప్పట్నుంచి నేను చెప్పాను, తర్వాత చెప్పించాను. రాసిందెవరో తెలీదు, పుస్తకంలో పేరుండేది కాదు. రిటైరయ్యే ముందెప్పుడో పేపర్లో చదివాను. పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు, నల్గొండ దగ్గర అన్నెపర్తి. 1962లో విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉంటూ తెలుగులోనే రాశారు. ట్రెజరీ అంటే మా జీతాల బిల్లులకి కొర్రీలు వేసే ఆఫీసు రా, అక్కడ కూర్చుని రాశాడాయన! విశాఖ నాయకుడు తెన్నేటి విశ్వనాథం గారికి చూపిస్తే, ఆయన విద్యామంత్రి పి.వి.జి. రాజు గారికి చేరవేశారు. 1963లో విశాఖలో ఒక బడిలో మొదటిసారి చదివారు. మరుసటేడు బెంగళూరులో కేంద్ర విద్యా సలహా మండలి దేశమంతటికీ అన్నది. ఆయన మాత్రం రాసి ఇచ్చి, తన పనిలో తాను పడిపోయాడు. రిటైరయ్యాక మనవరాలు పుస్తకం తీసి చదువుతుంటే, ఇవి నా మాటల్లా ఉన్నాయే అనుకున్నాడట. 1988లో పోయారు.

మన పక్కనున్న భట్లపెనుమర్రు పింగళి వెంకయ్య గారి సంగతీ అంతే. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల్లో గాంధీగారికి జెండా చేసిచ్చిన మనిషి 1963లో పేదరికంలో కన్నుమూశారు. అంటే జెండా ఇచ్చినాయన పోయిన ఏడాదే ప్రతిజ్ఞ బడిలో మొదటిసారి వినపడింది. ఇద్దరూ తెలుగువాళ్లని మనవాళ్లు సభల్లో చప్పట్లు కొడతారు. ఇద్దరూ బతికుండగా ఎవరు కొట్టారని అడిగితే ఎవరూ మాట్లాడరు.

సినిమా హాల్లో జరిగింది నీకు చెప్పలేదు, నువ్వు అనవసరంగా బాధపడతావని. 2017, నేను రిటైరైన ఏడాది. సినిమాకి ముందు జాతీయగీతం వెయ్యాలని, అందరూ లేచి నిలబడాలని సుప్రీంకోర్టు అంతకుముందు నవంబరులోనే చెప్పింది. (2018 జనవరిలో మళ్లీ కోర్టే, వెయ్యడం హాలువాళ్ల ఇష్టం అందిలే.) నా మోకాలు అప్పటికే పట్టేసి ఉంది. ముందు సీటు పట్టుకుని లేవబోతున్నాను, పాట మొదలైపోయింది. వెనక్కుంచి ఒక కుర్రాడు "ఏం పెద్దాయనా, దేశమంటే గౌరవం లేదా?" అన్నాడు. మీ అమ్మ కళ్లెర్రజేసి వెనక్కి తిరిగింది. నేనే చెయ్యి పట్టుకుని ఆపాను. యాభై రెండు సెకన్లూ నిలబడ్డాను, వంకరగానే. తర్వాత సినిమా మొదలై హీరో వచ్చాడు. ఆ కుర్రాడు సీటెక్కి కాగితాలు చల్లుతూ కనీసం మూడు నిమిషాలు నిలబడ్డాడు. వెనకవాళ్లు కూర్చోమన్నా కూర్చోలేదు.

వాణ్ని తిట్టుకుంటూ ఇంటికొచ్చాను గానీ, పడుకున్నాక 1974 గుర్తొచ్చింది. కృష్ణ 'అల్లూరి సీతారామరాజు' విడుదలైన ఏడాది. పదిహేడేళ్లవాణ్ని, నేల టికెట్టు. శ్రీశ్రీ పాట రాగానే మొలలో దాచుకున్న పావలా తెర మీదికి విసిరాను. ఆ పావలా తిరిగి ఊరికి వెళ్లడానికి బస్సు ఛార్జీ. రాత్రి నడిచి వచ్చాను, దారంతా ఆ పాటే పాడుకుంటూ. మన్యంలో సీతారామరాజు కోసం చచ్చిపోతానన్నంత ఆవేశంలో ఉన్నాను. మర్నాడు మా నాన్న పొలానికి రమ్మంటే కాళ్లనొప్పులని పడుకున్నాను.

పోయినేడు జూన్‌లో టీ20 ప్రపంచ కప్పు కూడా ఇలాగే నన్ను పట్టిచ్చింది. 6వ తారీకున మీ డాలస్ పక్కన అమెరికా జట్టు పాకిస్తాన్‌ని సూపర్ ఓవర్లో ఓడించింది. ఆ ఓవర్ వేసింది సౌరభ్ నేత్రావల్కర్, ముంబైలో పుట్టి, మన అండర్-19కి ఆడి, అక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్న కుర్రాడు. 'మనవాడు రా!' అని పక్కింటి వాళ్లకి కూడా లడ్డూ పంచాను. ఆరు రోజులు తిరక్కుండా న్యూయార్క్‌లో మనతో మ్యాచ్. అదే నేత్రావల్కర్ కోహ్లీని మొదటి బంతికే సున్నాకి పంపాడు. తర్వాత రోహిత్‌ని మూడు పరుగులకి. నా నోట్లోంచి ఏం మాట వచ్చిందో రాయను, మాస్టారు రాయకూడని మాట. చివరికి మనమే గెలిచాంలే. ఇప్పుడు నీ వీడియో చూశాక ఆ కుర్రాడు గుర్తొస్తున్నాడు. వికెట్ తీసి వాడేమీ తల దించుకోలేదు, సగం బంతి వెయ్యలేదు. ఏ చొక్కా వేసుకున్నాడో ఆ చొక్కాకి నిండుగా బౌలింగ్ చేశాడు. వాణ్ని నేను తిట్టినందుకు నాకే సిగ్గేసింది.

కాబట్టి, నాకోసం నువ్వు నోరు మూసి ఉంటే ఆ బరువు తీసేసుకుంటున్నాను. ఇక్కడ నీ ఓటు పోయింది, నిజమే. నువ్వెలాగూ 2004 తర్వాత వెయ్యలేదు. అక్కడైనా మానకుండా వెయ్యి. బుజ్జిదాని బడిలో వాళ్ల ప్రతిజ్ఞ ఉంటుందటగా, గుండెల మీద చెయ్యేసుకుని. దాన్ని గట్టిగా చెప్పమను, ఏ ముక్కా మింగొద్దను. మన ప్రతిజ్ఞ వేసవి సెలవుల్లో నేను నేర్పుతాను. 'జంతువుల పట్ల దయతో ఉంటాను' దానికి బాగా నచ్చుతుంది, కుక్కపిల్ల కావాలని నిన్ను పీక్కుతింటోందిగా.

విదేశీ పౌరులైన మనవాళ్లకి ఇచ్చే ఆ ఓసీఐ కార్డు సంగతి త్వరగా చూసుకో. ఎదురింటాయనకి చెబితే "ఓసీయా, అమెరికాలో కూడా ఓసీలు, బీసీలు ఉన్నారా?" అన్నాడు. నవ్వలేక చచ్చాను. ఆ కార్డున్నవాళ్లు పొలం కొనకూడదట గానీ, తండ్రి నుంచి వస్తే ఉంచుకోవచ్చట. ఎకరంన్నరకి ఇంత ఆలోచన ఎందుకంటావు. గట్టు మీద నాలుగు కొబ్బరి చెట్లు మీ తాత పెట్టినవి, అందుకు.

నిన్న జెండా ఎగరేశాం. 2022లో పోస్టాఫీసులో పాతిక రూపాయలకి కొన్నదే. మీ అమ్మ ప్రతి ఏడూ ఆగస్టు 15 సాయంత్రం దాన్ని ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి బీరువాలో తన పెళ్లిచీర మడతలో పెడుతుంది. పాలిస్టర్‌కి ఇస్త్రీ ఎందుకంటే వినదు, ఒకసారి అంచు కాల్చింది కూడా. నేను చదివిన రోజుల్లో ఖద్దరు తప్ప ఇంకోటి జెండా కాదు, ఇప్పుడు నిబంధనలు మారాయి. ఈసారి బాల్కనీలో ముడి వేసేటప్పుడు రెండుసార్లు లాగి చూసుకున్నాను. జారుముడే.

మీ అమ్మ రెండు సంగతులు రాయమంది. ఆ రోజు మీకు చేతికిచ్చిన చిన్న జెండా చెత్తలో పడేయలేదు కదా అని ఒకటి. రెండోది, మన పాత పాస్‌పోర్టు ఉంది చూడు, నువ్వు మొట్టమొదట తీసుకున్నది, గడువు తీరిపోయినా దాన్ని పారెయ్యొద్దట. అందులో నీ ఫోటో ఇరవై రెండేళ్లప్పటిది, తలకి నూనె రాసి తనే దువ్వి పంపింది. అది తనకి కావాలట.

ఇట్లు,
మీ నాన్న.