మందు వేయాల్సింది గొర్రెకా, కుక్కకా?

సంపాదకులకు నమస్కారం.

మందను విడిచి, మెడ వంచుకుని, ఒకే పక్కకు గుండ్రంగా తిరిగే గొర్రె గురించి వార్త వస్తే చాలు, పిచ్చి పట్టిందనో అంతుచిక్కని రోగమనో రాసేస్తున్నారు. చాలాసార్లు అది కుక్క పేగులో ఉండే బద్దె పురుగు పనేనండీ. పేరు టీనియా మల్టిసెప్స్. గుడ్లు కుక్క మలంతో గడ్డి మీద పడతాయి, గొర్రె ఆ గడ్డి మేస్తుంది, పిల్ల పురుగు రక్తంలో కలిసి మెదడుకో వెన్నుపాముకో చేరి నెలల తరబడి నీటి తిత్తిలా పెరుగుతుంది. 5 సెంటీమీటర్లు దాటొచ్చు. ఎక్కువగా 2 ఏళ్లలోపు జీవాలకే వస్తుంది. తిత్తి ఏ పక్కనుంటే సాధారణంగా ఆ పక్కకే తిరుగుతుంది, చూపు మాత్రం అవతలి కంటికి పోతుంది, ఆ కంటి ముందు చెయ్యి ఆడించినా రెప్ప వెయ్యదు. తిత్తి పైపైన ఉంటే అక్కడ పుర్రె పలచబడి, వేలితో నొక్కితే మెత్తగా తగులుతుంది.

ఇది చూడగానే మనవాళ్లు టెన్షన్ పడిపోయి మంద మొత్తానికి నట్టల మందు పట్టిస్తారు. పెరిగిన తిత్తి ఆ మామూలు మోతాదుకు లొంగదు. డాక్టరు ఆపరేషన్ చేసి తీస్తే బతికే అవకాశం బాగానే ఉంది, కానీ ఎక్కువమంది కోసేస్తారు, అది వాళ్ల ఇష్టం. నా గొడవల్లా కోశాక ఆ తలకాయ ఎటు పోతోందని. పక్కనే కాచుకుని కూర్చున్న కుక్కకేగా! తిత్తి లోపలి పొరకు తెల్ల చుక్కల్లా అంటుకుని వందల పురుగు తలలుంటాయి, ఒక్కొక్కటీ ఒక బద్దె పురుగు కాగలదు, సుమారు 6 వారాలకల్లా కుక్క మళ్లీ గుడ్లు విడుస్తుంది. అంటే వచ్చే ఈత పిల్లలకు రోగం మన చేత్తో మనమే వడ్డిస్తున్నాం.

తలకాయను కాల్చెయ్యాలి, లేదా కుక్క తవ్వలేనంత లోతున పాతెయ్యాలి. కాపలా కుక్కకు 6 వారాలకోసారి బద్దె పురుగుల్ని చంపే ప్రాజిక్వాంటెల్ మందు వెయ్యాలి, కిలో బరువుకు 5 మిల్లీగ్రాములు. మందు పురుగును చంపుతుంది గానీ గుడ్లను చంపదు కాబట్టి, వేశాక కొన్నాళ్లు దాని మలం కూడా పూడ్చాలి. ఈ పురుగు అరుదుగా మనుషులకూ వస్తుంది, కుక్కను ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి.

తిరిగే ప్రతి గొర్రెకూ ఇదేనని కాదు. మెదడుకు సోకే లిస్టీరియా అనే బ్యాక్టీరియా కావచ్చు, ముక్కులో ఈగ పురుగులు కావచ్చు, రేబిస్ కూడా కావచ్చు, అందుకే నోట్లో చెయ్యి పెట్టకండి. తిరగకుండా వెనక కాళ్లు ఈడుస్తుంటే, పశువుల కడుపులో ఉండే సెటారియా పురుగు పిల్లల్ని దోమ మోసుకొచ్చి ఉండొచ్చు. తేల్చాల్సింది డాక్టరే.

మీ వ్యవసాయం పేజీలో గొర్రెల మందుల క్యాలెండర్ వేసినప్పుడల్లా కింద కుక్క డోసు కూడా ఒక లైను వెయ్యండి. వీధి కుక్కలకు ఎవరు వేస్తారన్నది వేరే గొడవ, దానిమీద ఇంకో ఉత్తరం రాస్తాను.

– జీవాలు పెంచుకునే ఒక పాఠకుడు